మూడో తరగతి పిల్లలతో సైంటిఫిక్ మెథడ్ బట్టీ పట్టించడం తప్ప వేరే దారి లేదా?

సాహితి_వాళ్ళమ్మ
మా పాప మూడో తరగతి, హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు స్కూలు. మొన్న ఈవీఎస్ పరీక్షలో సైంటిఫిక్ మెథడ్ స్టెప్స్ వరసగా రాయమని అయిదు మార్కుల ప్రశ్న ఇచ్చారు. పాప ఏం రాసిందంటే, ముందు ఏమవుతుందో అనుకోవాలి, తర్వాత చేసి చూడాలి, అనుకున్నట్టు అవకపోతే ఎందుకో మళ్ళీ చూడాలి అని. అయిదుకి ఒకటి వేశారు. వెళ్ళి అడిగితే అబ్జర్వేషన్, క్వశ్చన్, హైపోథిసిస్ (అంటే ముందుగా వేసుకునే ఊహ), ఎక్స్‌పరిమెంట్, కన్‌క్లూజన్ అనే మాటలు అదే వరసలో ఉండాలి, కీ పేపర్ అలా ఉంది అన్నారు. ఇప్పుడు పాప రోజూ పొద్దున్నే ఆ అయిదు మాటలూ ఎక్కాల్లా చదువుతోంది. హైపోథిసిస్ అంటే ఏంటమ్మా అంటే స్టెప్ త్రీ అంటోంది.

దీనికి తోడు సైన్స్ ప్రాజెక్టు అని వాల్కనో చెయ్యమన్నారు. షాపులో కిట్ కొన్నాం, వంటసోడా మీద వెనిగర్ పోశాం, పొంగింది, ఫోటో తీసి గ్రూపులో పెట్టాం. ఇందులో పాప తెలుసుకున్నది ఏమీ లేదు. ఎనిమిదేళ్ళ పిల్లకి ఈ పద్ధతి నిజంగా నేర్పాలంటే ఏం చెయ్యాలి? టీచర్లు ఉంటే చెప్పండి, ఇంట్లో చేసి చూసిన తల్లిదండ్రులైనా సరే.

ఒంగోలు_పంతులు
మీ పాప రాసిందే సరైన జవాబు. ఆ పేపర్ పారెయ్యకుండా దాచండి.

వానచినుకు
వాల్కనో!! మా వీధిలో స్టేషనరీ షాపాయన సైన్స్ డే దగ్గర పడుతోందంటే డజన్ల లెక్కన తెప్పిస్తాడు. ఫిబ్రవరి 28 సి.వి. రామన్ గారి రోజు అని పిల్లలకి తెలియకపోయినా ఆయనకి మాత్రం బాగా తెలుసు.

పాడేరు_ఎస్జీటీ
నాది ఏజెన్సీలో సింగిల్ టీచర్ స్కూలు. ఒకటి నుంచి అయిదు వరకు అందరూ ఒకే గదిలో కూర్చుంటారు. ల్యాబ్ లేదు. నేను ఏటా చేసేది ఒకటి చెబుతాను, నచ్చితే వాడుకోండి.

పెసలు తీసుకోండి. రెండు కొబ్బరి చిప్పల్లో ఒకే చోటి మట్టి, పదేసి గింజలు, రెండింటికీ ఒకే చెంచాతో నీళ్ళు. ఒక చిప్ప కిటికీ దగ్గర, ఒకటి అట్టపెట్టెలో మూసి. గింజలు పెట్టిన రోజే, ఏ చిప్పలో మొక్కలు పొడుగ్గా వస్తాయో ప్రతి ఒక్కరూ చెప్పి తీరాలి. చెప్పనివాళ్ళు చూడటానికి లేదు, అదే మా రూలు. పేర్లన్నీ బోర్డు మీద రాసి పక్కన ఎవరేమన్నారో రాస్తాను. దాదాపు అందరూ కిటికీ దగ్గరిదే అంటారు, ఎందుకంటే మొక్కకి ఎండ కావాలని పుస్తకంలో చదివారు.

వారం తర్వాత పెట్టె తెరిస్తే చీకట్లో ఉన్నవే పొడుగ్గా ఉంటాయి. సన్నగా, పాలిపోయి, వంగిపోయి ఉంటాయి కానీ పొడుగు మాత్రం అవే. వెలుతురులోవి పొట్టిగా, పచ్చగా, గట్టిగా ఉంటాయి. ఆ రోజు క్లాసులో గోల మీరు వినాలి. ఒకడు నేను నెగ్గాను అంటాడు, ఇంకొకతి ఆ మొక్కకి జబ్బు చేసింది, అది పెరగడం కాదు అంటుంది. అసలు బాగా పెరగడం అంటే పొడుగా, లావా, ఆకుల సంఖ్యా, రంగా? దేన్ని కొలవాలి? ఈ తగాదా పిల్లలంతట పిల్లలే పెట్టుకున్నారు చూడండి, నాకు సంబంధించినంత వరకు సైన్స్ అక్కడ మొదలైంది. హైపోథిసిస్ అనే మాట నేను ఇంతవరకు వాళ్ళ ముందు అనలేదు.

సాహితి_వాళ్ళమ్మ
చీకట్లోవి పొడుగ్గా ఎందుకు వస్తాయి సార్? నాకే తెలియదు.

పాడేరు_ఎస్జీటీ
గింజలో దాచిన ఆహారం కొన్నాళ్ళకి సరిపోతుంది. మట్టి కింద ఉన్న మొలక లాగా, వెలుతురు దొరికేదాకా ఉన్నదంతా కాడని సాగదీయడానికే ఖర్చుపెడుతుంది. ఆకులు, పచ్చదనం తర్వాత. దొరక్కపోతే దాచింది అయిపోయి పడిపోతుంది. పెట్టెని ఇంకొన్నాళ్ళు అలాగే ఉంచితే పిల్లలు అదీ చూస్తారు. పాపకి మాత్రం ముందే చెప్పకండి.

సందేహాల_సుబ్బు
మాస్టారూ, ఒక డౌటు. పెట్టె మూస్తే చీకటి ఒక్కటే కాదు, గాలి కూడా తగ్గుతుంది, లోపల తేమ ఎక్కువసేపు నిలుస్తుంది. చీకటి వల్లే అలా అయిందని ఎలా చెబుతారు?

పాడేరు_ఎస్జీటీ
సుబ్బు గారూ, అచ్చం ఇదే మాట మా నాలుగో తరగతి అమ్మాయి అంది. కాకపోతే పెట్టెలో ఉక్కపోస్తుంది కదా సార్ అంది. అప్పట్నుంచి రెండు చిప్పలూ పెట్టెల్లోనే పెడుతున్నాం. ఒకదానికి అట్ట మూత, ఇంకోదానికి పల్చటి ప్లాస్టిక్ కవరు మూత. అయినా చీకట్లోవే పొడుగు.

సందేహాల_సుబ్బు
ఆ అమ్మాయికి నా తరఫున ఒక పెన్ను కొనిపెట్టండి.

లెక్కల_మేడమ్
వినడానికి అన్నీ బాగానే ఉన్నాయి. నేను కూడా ప్రైమరీలోనే చేస్తున్నాను, తెలంగాణలో. మూడో తరగతికి వచ్చినా రెండు వాక్యాలు కూడబలుక్కోలేని పిల్లలు నా క్లాసులో ఉన్నారు. తొలిమెట్టు అని 2022 నుంచి మా దృష్టంతా చదవడం, రాయడం, లెక్కల మీదే పెట్టించారు, అది తప్పని కూడా నేను అనను. అక్షరం రాని పిల్లకి ప్రయోగం దేనికి? రాసుకోలేనప్పుడు గమనించింది గుర్తుంటుందా? ముందు పునాది, తర్వాత గోడలు. పైగా సిలబస్, ఎఫ్‌ఏలు (ఏడాది మధ్యలో పెట్టే ఫార్మేటివ్ పరీక్షలు), రిజిస్టర్లు, యాప్‌లో ఫోటోలు. పెట్టె తెరిచి గోల చేసే టైమ్ ఎవరిస్తారు?

ఒంగోలు_పంతులు
మేడమ్, టైమ్ గురించి మీరన్నది నూటికి నూరుపాళ్ళూ నిజం. అక్షరం గురించి మాత్రం ఒప్పుకోను. పిల్లలకి రాయాలనిపించే విషయం ఉండాలి ముందు. "ఆవు పెంపుడు జంతువు" అని ఎన్నిసార్లు రాస్తారు? తన గింజ నిన్న మొలకెత్తలేదు, ఇవాళ తోక వచ్చింది అన్నది రాయమంటే తప్పులతో అయినా రాస్తారు. రాయలేనివాళ్ళు బొమ్మ వేస్తారు, పక్కన తేదీ వేస్తారు. మొలక పొడవు స్కేలుతో కొలిస్తే లెక్కలు కూడా అందులోనే వచ్చాయి.

లెక్కల_మేడమ్
బొమ్మ, తేదీ అన్నది బాగుంది. అది చెయ్యొచ్చు. కానీ నలభై మంది ఉన్న గదిలో చేసి చూపించండి ఒకసారి.

డాలస్_నాన్న
ఇక్కడ అమెరికాలో ఏదో గొప్పగా జరుగుతోందని ఎవరూ అనుకోవద్దు. మా అబ్బాయి ఎలిమెంటరీ స్కూల్లో ఏటా సైన్స్ ఫెయిర్. మూడు మడతల అట్టబోర్డు కొనాలి, దాని మీద మీరు చెప్పిన ఆ అయిదు మాటలే హెడ్డింగులుగా అంటించాలి. సగం బోర్డులు చూస్తే నాన్న ఆఫీసు ప్రింటర్ పనితనం తెలిసిపోతుంది. మన తెలుగువాళ్ళ బోర్డులైతే మరీ. రెండో తరగతి పిల్లాడు బార్ చార్టుకి ఎర్రర్ బార్లు (కొలతలో ఎంత తేడా ఉండొచ్చో చూపే గీతలు) పెట్టాడంటే మీరే అర్థం చేసుకోండి.

ఒక్క మంచి సంగతి ఉంది. జడ్జిగా వచ్చినాయన పిల్లల్ని బోర్డు గురించి అడగడు. "నువ్వు అనుకోనిది ఏం జరిగింది?" అని అడుగుతాడు. బోర్డు అమ్మానాన్నలు చేసిన పిల్లలు అక్కడ నోరు విప్పలేరు.

వానచినుకు
నువ్వు అనుకోనిది ఏం జరిగింది. ఈ ప్రశ్న రాసి పెట్టుకుంటున్నా.

పురుగుల_పరిశోధకుడు
నేను కీటకాల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. ఆ అయిదు మెట్ల వరస నిజంగా పనిచేసే చోట ఎక్కడా కనబడదు. నేను పొలంలో ఒక పురుగుని నెలల తరబడి ఊరికే చూశాక గానీ ప్రశ్న పుట్టలేదు. ఖగోళం వాళ్ళు నక్షత్రం మీద ప్రయోగం చెయ్యలేరు, చూసి లెక్క వేస్తారు. కాబట్టి వరస తప్పిందని మార్కులు కొట్టెయ్యడం అన్యాయం.

అలాగని పిల్లల్ని వదిలేస్తే వాళ్ళే అన్నీ కనిపెట్టుకుంటారన్న మాట కూడా నేను నమ్మను. పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ క్లార్, ఆయనతో పనిచేసినవాళ్ళు దీని మీదే పరీక్షలు చేశారు. వాలుబల్ల మీద బంతి దొర్లించి, ఎంత దూరం పోతుందో దేని మీద ఆధారపడుతుందో పిల్లలు తేల్చాలి. వాలు ఎంత, బల్ల నున్నగా ఉందా గరుకుగా ఉందా, ఏ బంతి, ఎక్కడ నుంచి వదిలారు అని నాలుగు మార్చొచ్చు. చిన్నపిల్లలు సహజంగా ఏం చేస్తారంటే అన్నీ ఒకేసారి మార్చేస్తారు. "ఒక్కటే మార్చు, మిగతావి అలాగే ఉంచు, ఎందుకంటే ఇదిగో" అని విప్పి చెప్పిన పిల్లలు, తమంతట తాము ఆడుకున్న పిల్లల కంటే ఈ సంగతి చాలా ఎక్కువమంది పట్టుకున్నారు. 2004లో వచ్చిన ఆ పరిశోధనలో ఉన్నది మూడు, నాలుగు తరగతుల పిల్లలే, అంటే సాహితి వయసు వాళ్ళే. ఒక్కటే మార్చడం అన్నది దానంతటదే రాదు, నేర్పితే వస్తుంది.

ఒంగోలు_పంతులు
పరిశోధకుడు గారితో కొంత పేచీ ఉంది. విప్పి చెప్పడం సరే, ఎప్పుడు చెప్పాలి? పిల్లలు అన్నీ కలిపి మార్చి, ఇద్దరూ కొట్టుకుని, తేల్చుకోలేక నా దగ్గరికి వచ్చినప్పుడు చెబితే ఆ మాట దిగుతుంది. ముందే చెబితే అది ఇంకో స్టెప్ త్రీ.

పురుగుల_పరిశోధకుడు
దానికి అభ్యంతరం లేదు మాస్టారూ. చెప్పకుండా మాత్రం వదలొద్దనే నా బాధ.

డాలస్_నాన్న
వాలుబల్ల లేనివాళ్ళకి లోలకం చాలు. దారం, రాయి. మా వాడు, వాడి చెల్లి ఇద్దరూ బరువు రాయి గబగబా ఊగుతుందని పందెం. పది ఊపులకి ఎంతసేపు పడుతుందో ఫోన్‌లో కొలిచాం. రాయి మార్చినా టైమ్ మారలేదు, దారం పొట్టి చేస్తే మారింది. దాదాపు మీటరు దారానికి అటూ ఇటూ ఒక ఊపుకి రెండు సెకన్లు, పావు మీటరుకి ఒక సెకను. పెద్ద రాయి కట్టినప్పుడు పొడవు రాయి మధ్యకి కొలవాలి, లేకపోతే పొడవు కూడా మారిపోయి పిల్లలు గందరగోళ పడతారు. పిల్లల చేత చేయించడానికి దీనికంటే చవకైంది నాకు తెలియదు.

తెనాలి_తాతయ్య
మీరందరూ దీన్ని సైన్స్ అంటున్నారు, మా ఇంట్లో దీన్ని సేద్యం అనేవాళ్ళు. విత్తనం కొన్నాక నేరుగా పొలంలో చల్లరు. గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో చుట్టి మొలక చూసుకుంటారు, నూటికి ఎన్ని మొలిచాయో తేలాకే మూట విప్పుతారు. వడ్లయితే ఉప్పునీళ్ళలో పోస్తే తాలు గింజలు తేలతాయి, గట్టివి మునుగుతాయి. ఆ తర్వాత నానబెట్టి మండె కట్టడం, అంటే మొలకెత్తేదాకా మూటగట్టి ఉంచడం. మా మనవరాలికి రెండో తరగతిలో ఇవి చూపించాను. తాలు గింజలు కూడా మొలుస్తాయేమో చూద్దాం తాతా అని అవి తీసి వేరేగా పెట్టింది. పారేసేవాటిని మొలకకి పెట్టాలని నాకు ఎన్నడూ తోచలేదు. ఎక్కువ భాగం మొలవలేదు గానీ కొన్ని మొలిచాయి. అదీ లెక్కపెట్టి రాసుకుంది.

పిల్లలకి ఒక్క గింజ ఇచ్చి మొలిపించమనే టీచర్లకి నాదో మనవి. పెసల్లో, మినుముల్లో నానని రాతిగింజలు ఉంటాయి. అది తగిలిన పిల్లాడు తన చేతిలో ఏదో లోపం ఉందనుకుంటాడు. కనీసం పది ఇవ్వండి.

పాడేరు_ఎస్జీటీ
తాతయ్యగారు చెప్పింది బంగారం. పది ఎందుకంటే అది అన్నమాట.

వానచినుకు
తాలు గింజలని వేరేగా పెట్టిన మనవరాలికి కూడా ఒక పెన్ను. సుబ్బు గారి ఖర్చు పెరుగుతోంది.

చెకుముకి_పాఠకుడు
జన విజ్ఞాన వేదిక వాళ్ళ చెకుముకి పత్రిక చదువుతూ పెరిగాను, అందుకే ఈ చర్చ చూసి ఆగలేకపోతున్నా. ప్రయోగాలన్నీ గింజలూ రాళ్ళతోనే అయితే పిల్లలు అది బడి విషయం అనుకుంటారు, ఊళ్ళో మాటని అదే కళ్ళతో చూడరు. 2019 డిసెంబర్ 26న సూర్యగ్రహణం వచ్చినప్పుడు మా వీధిలో ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టారు. అది నిలబడింది, అందరూ దణ్ణాలు పెట్టారు. గ్రహణం పట్టినంతసేపే నిలబడుతుందట. మా అక్క కొడుకు నాలుగో తరగతి అప్పుడు. మర్నాడు గ్రహణం లేదు కదా, మళ్ళీ పెట్టి చూద్దామా అన్నాడు. పెట్టాం. నిలబడింది. ఆ మర్నాడూ నిలబడింది. అడుగు చదునుగా ఉండి, నేల సమంగా ఉండి, ఓపిగ్గా పెడితే ఏ రోజైనా నిలబడుతుంది. గ్రహణం లేని రోజు కూడా పెట్టి చూడటం అన్నది వాడికి ఎవరూ నేర్పలేదు. ఇంతకంటే మంచి పాఠం ఏ పుస్తకంలో ఉంది? సైంటిఫిక్ టెంపర్ పెంచుకోవడం పౌరుల ప్రాథమిక విధి అని రాజ్యాంగంలోనే 51ఎ లో రాసి ఉంది, 1976 సవరణతో వచ్చింది.

లెక్కల_మేడమ్
ఇక్కడ నాకు కొంచెం భయం. మూడో తరగతి పిల్లని పట్టుకుని మీ నానమ్మ నమ్మేది తప్పని చెప్పించడం బాగుంటుందా? సాయంత్రం ఇంటికెళ్ళి ఆ పిల్ల నానమ్మతో గొడవ పడుతుంది, మర్నాడు నానమ్మ బడికొస్తుంది. మాకు ఇది జరిగింది. పిల్ల మధ్యలో నలిగిపోతుంది.

చెకుముకి_పాఠకుడు
తప్పని మేము అనలేదు మేడమ్. రోకలి పెట్టిందే మా అమ్మమ్మ. మర్నాడు కూడా ఆవిడ చేతే పెట్టించాం, ఆవిడకే బాగా నిలబెట్టడం వచ్చు. చూసి నవ్వి, అయితే మా అత్తగారు ఎప్పుడూ మామూలు రోజు పెట్టి చూడలేదన్నమాట అంది. ఆవిడ గ్రహణానికి ఇప్పటికీ స్నానం చేస్తుంది, ఎవరూ వద్దనలేదు. పిల్లాడు నేర్చుకోవాల్సింది అడిగి చూడటం. ఎవరినో ఓడించడం నేర్పితే అదే పాడవుతుంది.

లెక్కల_మేడమ్
అమ్మమ్మ చేతే పెట్టించారంటే ఒప్పుకుంటున్నా.

సాహితి_వాళ్ళమ్మ
ఇంత వస్తుందనుకోలేదు. పాప చీకటి పెట్టె మొదలుపెట్టేసింది, బోర్డు లేదు కాబట్టి ఫ్రిజ్ మీద కాగితం. ఇంకో ప్రశ్న. వాళ్ళ పుస్తకంలో కొవ్వొత్తి ప్రయోగం ఉంది. పళ్ళెంలో నీళ్ళు, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి గ్లాసు బోర్లిస్తే ఆరిపోయి నీళ్ళు లోపలికి ఎక్కుతాయి. ఆక్సిజన్ అయిపోయింది కాబట్టి ఆ చోటు నీళ్ళు ఆక్రమించాయని టీచర్ చెప్పారు. ఇది ఇంట్లో చెయ్యొచ్చా?

పురుగుల_పరిశోధకుడు
చెయ్యొచ్చు, పెద్దవాళ్ళు పక్కన ఉండి. కానీ ఆ వివరణ చాలా చోట్ల తప్పుగానే చెబుతారు. కొవ్వొత్తి మంటకి గ్లాసులో గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, గ్లాసు బోర్లించేటప్పుడు కొంత బయటికి పోతుంది, ఒక్కోసారి అంచు దగ్గర బుడగలు కూడా కనిపిస్తాయి. మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి ముడుచుకుంటుంది, అప్పుడు నీళ్ళు పైకి ఎక్కుతాయి. ఆక్సిజన్ ఖర్చయిన మేరకి కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి పుడతాయి, కాబట్టి చోటు అలా ఖాళీ అయిపోదు. పైగా లోపలి ఆక్సిజన్ మొత్తం అయిపోకముందే మంట ఆరిపోతుంది.

ఇదంతా పాపకి చెప్పకండి. రెండు పనులు చేయించండి. ఒకటి, నీళ్ళు ఎప్పుడు ఎక్కువగా ఎక్కుతున్నాయో చూడమనండి, మంట ఉన్నప్పుడా, ఆరాకా. రెండు, అదే గ్లాసులో ఒక కొవ్వొత్తికి బదులు మూడు పెట్టమనండి. గాలి అదే, ఆక్సిజన్ అదే కాబట్టి టీచర్ చెప్పింది నిజమైతే నీళ్ళు అంతే ఎత్తుకి రావాలి. ఎక్కువ వస్తాయి.

సందేహాల_సుబ్బు
అంటే ఎనిమిదేళ్ళ పిల్ల పుస్తకాన్ని పరీక్ష పెడుతుందన్నమాట. ఈసారి పుస్తకానికి ఎన్ని మార్కులో.

ఒంగోలు_పంతులు
ఇక్కడే అసలు చిక్కుంది, దాని గురించి ఎవరూ మాట్లాడటం లేదు. మూడు కొవ్వొత్తులు పెట్టి చూసిన పిల్ల పరీక్షలో తను చూసింది రాస్తే మార్కు రాదు, పుస్తకంలోది రాస్తే వస్తుంది. ఇలా ఒకటి రెండు సార్లు జరిగితే చాలు, ఆ పిల్ల ఇంక చూడటం మానేస్తుంది. రికార్డు పుస్తకంలో రీడింగులు ముందే రాసేసి ప్రయోగం తర్వాత చేసే ఇంటర్ పిల్లల్ని మీరందరూ చూసే ఉంటారు. వాళ్ళు అలా తయారైంది ఇంటర్‌లో కాదు, మూడో తరగతిలోనే.

మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ సైన్స్ కార్యక్రమం అని 1972లో పదహారు బడుల్లో మొదలైంది, ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకి. కిషోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ వాళ్ళు మొదలుపెట్టారు, తర్వాత ఏకలవ్య సంస్థ నడిపింది. పల్లెటూరి సర్కారు బడుల్లో పిల్లల చేతికే కిట్లు ఇచ్చారు. వాళ్ళ పుస్తకంలో జవాబులు ఉండేవి కావు, ప్రశ్నలూ, చెయ్యాల్సిన పనులూ ఉండేవి. నాకు అన్నిటికంటే నచ్చింది వాళ్ళ పరీక్ష. పుస్తకం తెరిచి పెట్టుకుని రాసేవాళ్ళు, చేతితో చేసి చూపించే పరీక్ష కూడా ఉండేది. పిల్లలు తమకి వచ్చిన ప్రశ్నలని సవాలీరామ్ అనే ఊహాపాత్రకి ఉత్తరాలుగా రాసేవాళ్ళు. పరీక్ష మార్చకుండా పాఠం మార్చితే లాభం లేదని వాళ్ళకి తెలుసు. 2002లో ప్రభుత్వం ఆపేసింది. ముప్పై ఏళ్ళు నడిచింది మరి.

లెక్కల_మేడమ్
మాస్టారూ, పరీక్ష విషయంలో మనకి చేతిలో ఉన్నది కొంత ఉంది. ఎఫ్‌ఏలో ప్రాజెక్టు పనికి మార్కులు మనమే వేస్తాం కదా. చార్టు అందానికి వేసే బదులు, ముందు ఏమనుకున్నావు, ఏం చూశావు, రెండూ ఒకటేనా అని మూడు ప్రశ్నలు అడిగి వెయ్యొచ్చు. అనుకున్నది తప్పయినా పూర్తి మార్కులు. ఈ నెల నేను అలాగే వేస్తాను. నలభై మందికి ఎనిమిది గుంపులు.

ఒంగోలు_పంతులు
మేడమ్, ఈ మాట మీ నుంచి రావడం చాలా సంతోషం. మా కాంప్లెక్స్ మీటింగులో ఇదే పెడతాను.

వైజాగ్_సముద్రం
ఆలస్యంగా వచ్చాను. అరటిపండు తొక్కతో ఒకటి చేశాం. రెండు సీసాలు, ఒకటి తెరిచి, ఒకటి పల్చటి గుడ్డ కట్టి. 1668లో ఇటలీలో ఫ్రాన్సెస్కో రెడీ మాంసంతో చేసినదే, మేము తొక్కతో. గుడ్డ కట్టినదాంట్లో ఈగలు పుట్టవు అని చెప్పి కూర్చున్నాం. గుడ్డ కట్టినదాంట్లోనూ పుట్టాయి! మా పాప ఏడుపు మొహం పెట్టింది.

పురుగుల_పరిశోధకుడు
నా సబ్జెక్టుకి వచ్చారు. పండిన అరటిపండు మీద చిన్న ఈగల గుడ్లు ముందే ఉండొచ్చు, గుడ్డ కట్టేసరికే లోపల ఉన్నాయన్నమాట. తొక్కని వేడినీళ్ళలో కాసేపు ముంచి, సీసా కూడా కడిగి, మళ్ళీ పెట్టండి. రెండు సీసాల తొక్కలనీ ముంచాలి, ఒకదాన్నే కాదు. పాపని ఈగలు ఎలా వచ్చాయో ముందు తనని ఊహించమనండి, గుడ్ల సంగతి మీరు బయటపెట్టకండి. ఏడుపు మొహం పెట్టిందంటే నిజంగా పట్టించుకుంటోంది.

వైజాగ్_సముద్రం
గుడ్డకి కన్నం ఉందంటోంది. భూతద్దం పెట్టి వెతుకుతోంది ఇప్పుడు.

కర్నూలు_బురుజు
ఎండాకాలం వస్తోంది కాబట్టి నాదొక సలహా. మట్టికుండ. కుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయని ఏ పిల్లని అడిగినా మట్టి చల్లన కాబట్టి అంటుంది. ఒకే సైజు కుండలు రెండు తెచ్చి, ఒకదానికి బయటంతా ఆయిల్ పెయింట్ రెండు కోట్లు వేసి ఆరనివ్వండి. రెండింట్లో ఒకే కొలత నీళ్ళు. మట్టి రెండింట్లోనూ ఉంది, కానీ పెయింట్ వేసినదాంట్లో నీళ్ళు అంతగా చల్లబడవు, సన్నటి రంధ్రాలు మూసుకుపోయి చెమ్మ బయటికి వచ్చి ఆవిరవదు కాబట్టి. ఆ ఆవిరవడమే నీళ్ళని చల్లబరుస్తుంది. పెయింట్ కుండలో నీళ్ళు మాత్రం ఎవరూ తాగొద్దు.

సాహితి_వాళ్ళమ్మ
చేత్తో ముట్టుకుని చూస్తే చాలా?

పాడేరు_ఎస్జీటీ
చాలదు. పిల్లలకి ఇది కూడా చూపించండి. ఒక గిన్నెలో చల్లటి నీళ్ళు, ఒకదాంట్లో గోరువెచ్చటివి, ఒకదాంట్లో చెయ్యి పట్టేంత వేడివి. ఒక చెయ్యి చల్లటి నీళ్ళలో, ఒకటి వేడి నీళ్ళలో కాసేపు పెట్టి, రెండూ కలిపి గోరువెచ్చటి నీళ్ళలో ముంచమనండి. అదే గిన్నె ఒక చేతికి వేడి, ఒక చేతికి చలి. ఆ తర్వాత థర్మామీటర్ ఎందుకో వాళ్ళే చెబుతారు. జ్వరం చూసేది పనికిరాదు, 35 డిగ్రీల నుంచే మొదలవుతుంది. ల్యాబ్‌ది కావాలి.

వైజాగ్_సముద్రం
కర్నూలు గారూ, మా దగ్గర కుండ నీళ్ళు మీ దగ్గరంత చల్లబడవు. మా గాలిలోనే చెమ్మ ఎక్కువ. రెండు ఊళ్ళలో ఒకేసారి చేస్తే?

కర్నూలు_బురుజు
చేద్దాం! ఏప్రిల్ మొదటి ఆదివారం. పొద్దున ఏడింటికి నీళ్ళు పోసి, నీడలో పెట్టి, గంటగంటకీ సాయంత్రం అయిదు దాకా రాయాలి. గది వేడి కూడా రాయాలి. పిల్లలు ముందుగా ఏ ఊరి కుండ ఎంత చల్లబడుతుందో రాసి ఇక్కడ పెట్టాలి.

డాలస్_నాన్న
మాకు కుండ దొరకదు, పెయింట్ వెయ్యని పూలకుండీ ఉంది, అడుగున కన్నం బంకమట్టితో మూస్తాను. నన్నూ కలుపుకోండి.

సందేహాల_సుబ్బు
ఆగండాగండి. మీ ముగ్గురి కుండలు ఒకే మట్టివి కావు, ఒకే మందం కావు. తేడా వస్తే గాలి చెమ్మ వల్లా, కుండ వల్లా?

కర్నూలు_బురుజు
సుబ్బు గారూ, అయితే ప్రతి ఊళ్ళోనూ ఒక స్టీలు గిన్నెకి తడిగుడ్డ చుట్టి పక్కన పెడదాం. గుడ్డ కర్నూలు నుంచి నేనే పోస్టులో పంపిస్తాను, ఒకే తాను నుంచి చింపినవి. గుడ్డ ఆరిపోకుండా అంచు నీళ్ళ పళ్ళెంలో ఉండాలి. సరిపోతుందా?

సందేహాల_సుబ్బు
గిన్నెలు?

లెక్కల_మేడమ్
మధ్యాహ్న భోజనం స్టీలు గ్లాసులు వాడండి, అన్ని బళ్ళలోనూ దాదాపు ఒకేలా ఉంటాయి. ఏప్రిల్ మొదటి ఆదివారానికి నిజామాబాద్ తరఫున నా ఎనిమిది గుంపులూ రెడీ. ఫ్యాను ఉండాలా వద్దా అన్నది ఇప్పుడే తేల్చండి, తర్వాత కొట్టుకోవద్దు.